పికప్ మార్చే ముందు

చిన్నా,

నువ్వు పంపిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. పొడుగు కేబుల్ కొన్నప్పటి నుంచి గిటార్ మొద్దుగా మోగుతోందని, పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మార్చేస్తానని రాశావు. కాస్త ఆగరా. నాకైతే పికప్‌లో లోపమేమీ వినిపించలేదు.

వెంట్రుకంత సన్నని రాగి తీగను అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుడితే అదే పికప్. నీ దానిలాంటి సింగిల్ కాయిల్‌కి, అంటే ఒకే చుట్ట ఉన్న పికప్‌కి, ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) సుమారు 2.4 హెన్రీలు ఉంటుంది. మామూలు కేబుల్‌కి మీటరుకు 100 పీకోఫారడ్ల పైచిలుకు కెపాసిటెన్స్ (చార్జిని నిల్వ ఉంచుకునే గుణం) ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దాన్ని పైకి లేపుతాయి, ఆ పైన ట్రెబుల్, అంటే శబ్దంలోని పై ఫ్రీక్వెన్సీల భాగం, గబగబా పడిపోతుంది. ఆ ఎత్తునే రెసొనెన్స్ పీక్ అంటారు. కాయిల్ సొంత కెపాసిటెన్స్ 100, కేబుల్‌ది మీటరుకు 100 అనుకుని లెక్క వేశాను. 3 మీటర్ల కేబుల్‌తో పీక్ 5100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, 6 మీటర్లైతే 3900కి దిగుతుంది. నీ చెవి పట్టుకున్నది ఈ తేడానే. మంచి చెవిరా నీది.

పీక్ ఎక్కడ ఉండాలో కేబుల్ తేలిస్తే, ఎంత పదునుగా ఉండాలో పాట్‌లు (వాల్యూమ్, టోన్ గుండీల కింద ఉండే, విలువ మార్చగల రెసిస్టర్లు) తేలుస్తాయి. సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్స్, రెండు కాయిల్స్ ఉండే హంబకర్‌కి 500 వాడటం మామూలు. విలువ తగ్గేకొద్దీ పికప్ మీద భారం పెరిగి పీక్ అణిగిపోతుంది. నేనొకసారి హంబకర్ గిటార్‌లో 250 కిలో ఓమ్స్ పాట్‌లు సోల్డర్ చేసి, శబ్దం మసకబారితే పికప్‌దే తప్పనుకుని అమ్మేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను.

పొడుగు కేబుల్ తప్పనిసరైతే గిటార్‌కీ దానికీ మధ్య బఫర్ (పికప్ మీద భారం పడకుండా సంకేతాన్ని ముందుకు పంపే చిన్న సర్క్యూట్) పెట్టు, గిటార్ నుంచి దానికి పొట్టి కేబుల్ వాడు. దాని తర్వాత ఎంత పొడుగున్నా పికప్‌కి తెలియదు. ఫజ్ పెడల్ (శబ్దాన్ని గరగరలాడించే పెడల్) ఉంటే మాత్రం దాన్ని బఫర్‌కి ముందే ఉంచు. పాతకాలం రకం ఫజ్‌లు చాలావరకు నేరుగా పికప్‌కి తగిలితేనే బాగా పలుకుతాయి.

ఈ వారం ఒకే ముక్కను రెండు కేబుళ్లతో వాయించి పంపు. వాల్యూమ్, టోన్ రెండూ 10 మీదే ఉంచు. వాల్యూమ్ తగ్గిస్తే ట్రెబుల్ మళ్ళీ పోతుంది, అప్పుడు ఏది దేనివల్లో తేలదు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

నీ అన్న