పాదయాత్రకు ముందు మందుల చీటీ డాక్టరుకు చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

పాదయాత్రల వార్తల్లో ఎంతమంది నడిచారో, ఎన్ని కిలోమీటర్లు నడిచారో రాస్తారు. ఎనభై ఏళ్లు దాటిన పెద్దాయన కనబడితే ఫొటో వేస్తారు. ఆ వయసువాళ్లు రోజూ వేసుకునే మాత్రల ఊసే ఉండదు. నేను రాస్తున్నది దాని గురించే.

నాకు 66 ఏళ్లు, మావారికి 71. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్. రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున ఆరు రోజులు నడిచాం. రెండు నెలల ముందు నుంచే నడక సాధన చేశాం, బూట్లు కాలికి అలవాటు చేసుకున్నాం. మాత్రలు మాత్రం ఇంట్లో ఎలా వేసుకునేవారో అలాగే వేసుకున్నారు. మూడో రోజు రాత్రి మెలకువ వచ్చి చూస్తే ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. పిలిస్తే పొంతన లేని మాటలు. మీటరులో షుగర్ 48! గ్లూకోజు నీళ్లు గుక్క గుక్కగా తాగించాక, పావుగంటకు తేరుకున్నారు.

పగలంతా పనిచేసిన కండరాలు రాత్రి కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటాయని తర్వాత డాక్టరు చెప్పారు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పటి మోతాదులోనే తీసుకుంటే షుగర్ పడిపోవచ్చు. బీపీకి మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకు గుండెదడ, వణుకు సరిగా తెలియవట. చెమటే గుర్తు. మావారు బీపీకి వాడేది మెటోప్రొలాలే.

ఐదో రోజు సాయంత్రం ఆయన బూటు విప్పితే చిన్న గులకరాయి దొర్లింది. బొటనవేలి కింద చర్మం లేచి సాక్సుకు అంటుకుపోయింది. "నొప్పేం లేదే" అన్నారు. నాకు ఎక్కువ భయం వేసింది ఆ మాటకే. పాదాల్లో స్పర్శ తగ్గిందని అప్పటిదాకా మాకు తెలియదు.

తోటి యాత్రికులు ప్రేమగా ఇచ్చే నొప్పి మాత్రలూ ప్రమాదమే. వయసు మీద పడితే దాహం అంతగా తెలియదు. నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు, బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు డైక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినవచ్చు.

పెద్దవాళ్లు నడవకూడదని నేను అనను. ఆ ఆరు రోజులూ నాకు పడుకోగానే నిద్ర పట్టింది. పొద్దున్నే ఉండే మోకాళ్ల బిగువు తగ్గింది, దిగుడు దారిలో మాత్రమే ఇబ్బంది పడ్డాను. మళ్లీ వెళ్తాం. ఈసారి మోతాదులు ఎలా మార్చుకోవాలో డాక్టరు చేత ముందే రాయించుకున్నాం.

యాత్రల వార్తల పక్కన ఈ జాగ్రత్తలు కూడా వేయండి. పెద్దక్షరాల్లో వేస్తే మా వయసువాళ్లు చదవగలుగుతారు.

— ఒక పాఠకురాలు