విశ్రాంత తపాలా ఉద్యోగుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

లైఫ్ సర్టిఫికెట్ల సాయం, ఆరోగ్య శిబిరం, మెడికల్ బిల్లుల గొడవ ఎప్పటిలాగే నడిచాయి. ఆ లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది మనవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటున్నది ఫిబ్రవరి 18న జరిపిన రఫీ అహ్మద్ కిద్వాయ్ జయంతి సభ గురించి. అందుకే నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

సభ పెడదామనగానే కార్యవర్గంలోనే ఒకరు "బెంగళూరు క్యాన్సర్ ఆసుపత్రి డాక్టరు గారా?" అన్నారు. రాయలసీమ వాళ్లకు కిద్వాయ్ అంటే ఆ ఆసుపత్రే మరి! దానికి పెట్టిన పేరు ఈయనదే, కానీ ఈయన డాక్టరు కాదు. స్వతంత్ర భారతంలో తపాలా, టెలిఫోన్లు చూసిన మొదటి మంత్రి. 1947 ఆగస్టు నాటి నెహ్రూ మంత్రివర్గంలో ముస్లింలు ఇద్దరే: మౌలానా ఆజాద్, ఈయన.

1894లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా మసౌలీలో పుట్టారు. అలీగఢ్‌లో డిగ్రీ అయ్యాక లా చదువు మధ్యలో వదిలేసి సహాయ నిరాకరణలో జైలుకెళ్లారు. మోతీలాల్ నెహ్రూ దగ్గర కార్యదర్శిగా చేశారు. 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు, 1930లో ఆ సభ్యత్వం వదులుకుని రాయబరేలీ రైతుల్లోకి వెళ్లారు. 1937లో యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్)లో గోవింద్ వల్లభ్ పంత్ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యాక కౌలు రైతుల చట్టం పని చేపట్టారు. ఉపన్యాసకుడిగా ఆయనకు పెద్ద పేరు లేదు. పని జరిపించడంలోనే దిట్ట.

దేశ విభజన అల్లర్లలో ముస్సోరీ పురపాలక సంఘం బాధ్యతలు చూస్తున్న తమ్ముడు షఫీని చంపేశారు. మరదలు అనీస్ కిద్వాయ్ ఆ దుఃఖంతోనే ఢిల్లీ శరణార్థి శిబిరాల్లో సేవకు దిగారు. ఈయన మంత్రిగా తన పని ఆపలేదు.

సభలో అందరూ చెవులు రిక్కించి విన్నది మాత్రం రాత్రి విమాన తపాలా సంగతి. 1949 జనవరి 30న మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయల్దేరిన విమానాలు నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. బ్యాగులు మార్చుకుని తెల్లారేసరికి ఎక్కడివి అక్కడికి చేరేవి. రైల్లో రెండు రాత్రులు పట్టే మద్రాసు–ఢిల్లీ ఉత్తరం మర్నాటికే అందేది. ఆర్‌ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీసులో) ఉత్తరాల సార్టింగ్ చేసిన మన పెద్దాయన అది వివరిస్తుంటే ప్రశ్నలే ప్రశ్నలు. టీ కూడా ఆలస్యమైంది.

'సొంత టెలిఫోన్' పథకమూ కిద్వాయ్‌దే. ముందుగా డబ్బు కట్టినవారికి ఫోను. నాకైతే అది కలిగినవాళ్ల పథకంలానే తోస్తుంది, కానీ ఖజానాలో డబ్బు లేని రోజుల్లో పెట్టుబడి ఇంకెక్కడి నుంచి వస్తుంది?

1951లో కాంగ్రెస్‌తో పేచీ పడి కృపలానీ, మన ప్రకాశం పంతులు గార్ల కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ వైపు వెళ్లి, కొద్ది నెలలకే వెనక్కి వచ్చారు. 1952లో ఆహార శాఖ ఇచ్చారు. అదే ఏడాది మద్రాసు రాష్ట్రంలో రాజాజీ రేషనింగ్ ఎత్తేశారు. అప్పటికి మనమూ ఆ రాష్ట్రమే. ఆహార ధాన్యాల మీద కంట్రోళ్లు తీసేయాలన్నదే కిద్వాయ్ పట్టు కూడా, దేశమంతటా ఒక్కొక్కటిగా తీయించారు. 1954 అక్టోబరు 24న, మంత్రిగా ఉండగానే పోయారు. మిగిల్చింది అప్పులూ, మసౌలీలో పాత ఇల్లూ.

సభ ఖర్చు విరాళాలతోనే సరిపోయింది, సంఘం నిధి ముట్టుకోలేదు. ఆఫీసు గదిలో కిద్వాయ్ ఫొటో పెట్టాలన్న తీర్మానాన్ని ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. వచ్చే ఏడాది ఎవరి జయంతి జరపాలో సూచించదలచినవారు కాగితం మీద రాసి ఇవ్వగలరు.

కార్యదర్శి