మ్యూయాన్ వార్త సగంలో ఆగిపోయింది

సంపాదకుల వారికి,

2021 ఏప్రిల్ 7న అమెరికాలోని కణభౌతిక ప్రయోగశాల ఫెర్మీల్యాబ్ తన మ్యూయాన్ ప్రయోగం తొలి ఫలితం ప్రకటించగానే, ప్రకృతిలో ఇప్పటికి తెలిసిన నాలుగు మౌలిక బలాలకు తోడు ఐదో బలం దొరికిందేమోనని ప్రపంచమంతటా పత్రికలు హోరెత్తించాయి. ఆ ప్రయోగం తుది ఫలితం 2025 జూన్ 3న వచ్చింది. దానికి వారం ముందే, ఆ కొలతను పోల్చిచూసే సిద్ధాంతం వైపు లెక్క కూడా మారిపోయింది. ఈ రెండో కబురుకు మొదటిదానికి దక్కినంత చోటు దక్కలేదు. కరెంట్ అఫైర్స్ కోసం పేపర్ కత్తిరింపులు దాచుకునే విద్యార్థి దగ్గర పాత హెడ్డింగే మిగిలిపోయింది. అందుకే ఈ లేఖ.

మ్యూయాన్ అచ్చం ఎలక్ట్రాన్ లాంటిదే. కాకపోతే బరువు 207 రెట్లు, ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. అయస్కాంత క్షేత్రంలో దాని స్పిన్ (కణానికి సహజంగా ఉండే తిరుగుడు గుణం) అక్షం బొంగరం తలలా తిరుగుతుంది. ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పే సంఖ్య పేరు జి. ఇలాంటి కణాలను వివరించే డిరాక్ సమీకరణం ప్రకారం అది కచ్చితంగా 2. శూన్యంలో పుట్టి చటుక్కున మాయమయ్యే కణాల వల్ల రవ్వంత పెరుగుతుంది. ఆ పెరిగిన దాంట్లో సగం, అంటే సుమారు 0.001166, దగ్గరే పేచీ అంతా. మనకింకా తెలియని బరువైన కణం ఉంటే దాని జాడ కూడా ఇక్కడే పడాలి. ఆ జాడ బరువు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఎలక్ట్రాన్‌లో కన్నా మ్యూయాన్‌లో దాదాపు 43 వేల రెట్లు ఎక్కువగా కనిపించాలి.

కొలిచిన తీరులో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మ్యూయాన్లు తిరిగే 14 మీటర్ల వ్యాసం ఉన్న వలయం, 1.45 టెస్లా అయస్కాంత క్షేత్రం. మ్యూయాన్లను 3.09 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ద్రవ్యవేగంతోనే లోపలికి పంపుతారు. ఆ వేగం దగ్గర, కణాలను దారి తప్పకుండా పట్టి ఉంచే విద్యుత్ క్షేత్రం స్పిన్ లెక్కను పాడుచేయదు. అంత వేగంలో ఆయుష్షు కూడా సాగి 64 మైక్రోసెకన్లవుతుంది. మ్యూయాన్ విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే పొజిట్రాన్లను (ఎలక్ట్రాన్ ప్రతికణాలను) శక్తి కొలిచే పరికరాలైన 24 కెలోరీమీటర్లు లెక్కపెడతాయి. ఆ లెక్క పైకీ కిందికీ ఊగే లయే, మ్యూయాన్ వలయంలో తిరిగే వేగం కన్నా దాని స్పిన్ ఎంత అదనంగా తిరుగుతుందో చెబుతుంది. 17 ప్రోబులున్న (కొలత పరికరాలున్న) చిన్న బండి కొన్ని రోజులకోసారి వలయమంతా తిరిగి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. మధ్య రోజుల్లో వచ్చే మార్పులను 378 స్థిర ప్రోబులు కనిపెడుతుంటాయి. ఈ లయను కొలిచే గడియారం అసలు వేగాన్ని మాత్రం ప్రయోగ బృందానికి చెప్పకుండా బయటి ఇద్దరు దాచి ఉంచారు. విశ్లేషణ పూర్తయ్యాకే దాన్ని బయటపెట్టారు. దాంతో, తమకు నచ్చిన జవాబు వైపు లెక్కను లాగే వీలు ఎవరికీ లేకపోయింది. చివరికి వచ్చిన అనిశ్చితి వంద కోట్లలో 127 వంతులు. పెట్టుకున్న లక్ష్యం 140.

చిక్కంతా రెండో వైపు, అంటే సిద్ధాంతం లెక్కలో ఉంది. మ్యూయాన్ చుట్టూ ఉండే ఫోటాన్ (కాంతి కణం) ఒక్కోసారి ప్రోటాన్లలో ఉండే కణాలైన క్వార్కుల గుంపుగా మారి, మళ్లీ ఫోటాన్ అవుతుంది. మొత్తం విలువలో దీని వాటా పదివేలలో ఒక వంతు కూడా లేదు, కానీ అనిశ్చితిలో సింహభాగం దీనిదే. తక్కువ శక్తి దగ్గర క్వార్కుల మధ్య బలం మరీ ఎక్కువ. అందుకని మామూలు పద్ధతిలో పదం తర్వాత పదం కూడుకుంటూ పోతే లెక్క తేలదు. ఇప్పటికి దారులు రెండే. ఎలక్ట్రాన్, పొజిట్రాన్ ఢీకొన్నప్పుడు పయాన్లు (క్వార్కులతో ఏర్పడే తేలికపాటి కణాలు) ఎంత తరచుగా పుడతాయో కొలిచి, ఆ డేటాను సమాకలనంలో పెట్టడం ఒకటి. స్థలకాలాన్ని గళ్లుగా కోసి సూపర్ కంప్యూటర్‌తో నేరుగా గణించే లాటిస్ పద్ధతి రెండోది. పదకొండో దశాంశ స్థానాన్ని ఒకటిగా లెక్కిస్తే, 2020లో సిద్ధాంతకర్తలు మొదటి దారిలో ఒప్పుకున్న వాటా 6,931. బీఎండబ్ల్యూ అనే లాటిస్ బృందానికి వచ్చింది 7,075. ఈ రెండో లెక్కను నేచర్ పత్రిక ప్రచురించింది ఎప్పుడో కాదు, ఫెర్మీల్యాబ్ ప్రకటన వెలువడిన ఆ ఏప్రిల్ 7ననే. అంటే ‘ఐదో బలం’ హెడ్డింగ్ పెట్టిన రోజునే దానికి ఎదురు సాక్ష్యం కూడా అచ్చులో ఉంది.

అప్పటి సిద్ధాంత విలువ 0.00116591810, ప్రయోగాల సగటు 0.00116592061. పై లెక్కలోనే చెబితే తేడా 251, అనిశ్చితి 59. తేడా అనిశ్చితికి దాదాపు 4.2 రెట్లు, దీన్నే 4.2 సిగ్మా అంటారు. అది 40 వేలలో ఒక్కసారి యాదృచ్ఛికంగా వచ్చే తేడా అని వార్తల్లో వచ్చింది. ఆ మాట నిజమే, కానీ రెండు అంచనాల్లోనూ అనిశ్చితులు సరిగ్గా వేశారనుకుంటేనే. పద్ధతిలోనే ఏదైనా దోషం ఉంటే సిగ్మా దాన్ని పట్టుకోలేదు. 2023లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లోని సీఎండీ-3 ప్రయోగం పయాన్ కొలతలు పాత క్లో, బాబార్ ప్రయోగాల కొలతల కన్నా ఎక్కువగా వచ్చాయి. కొలతల మీదే ఆధారపడ్డ మొదటి దారి అక్కడే బీటలు వారింది. 2025లో సిద్ధాంతకర్తలు ఈ వాటాకు లాటిస్ విలువ 7,132నే తీసుకున్నారు. మొత్తం 0.00116592033 అయింది. ప్రయోగాల సగటు 0.001165920715. తేడా 38, అనిశ్చితి 63. అంటే తేడా అనిశ్చితిని కూడా దాటలేదు.

‘స్టాండర్డ్ మోడల్ (ఇప్పుడున్న కణ సిద్ధాంతం) గెలిచింది’ అని రాస్తే అదీ తొందరపాటే. సిద్ధాంతం అనిశ్చితి 43 నుంచి 62కు పెరిగింది, ప్రయోగానిది 15కు దిగింది. కొత్త కణం ఉన్నా ఈ మసకలో దాక్కోవచ్చు. పైగా పయాన్ కొలతలు ఒకదానితో ఒకటి ఎందుకు సరిపడటం లేదన్నది తేలలేదు. నా దృష్టిలో ఇప్పుడు అసలు పొడుపుకథ అదే. ఢీకొనే ముందే కణాలు విడిచే ఫోటాన్లకు చేసే సవరణల మీద నిపుణుల కన్ను పడింది. క్లో, బాబార్ ఆ ఫోటాన్లనే ఆసరా చేసుకుని కొలిచాయి. సీఎండీ-3 మాత్రం శక్తిని మెట్టు మెట్టుగా మారుస్తూ కొలిచింది.

మీ సైన్స్ డెస్కుకు ఒక విన్నపం. సిగ్మాతో కూడిన వార్త వచ్చినప్పుడు, పోల్చిన సిద్ధాంత విలువ ఎన్ని వేరువేరు దారుల్లో వచ్చిందో అడిగి రాయండి. ఆ దారుల మధ్య విభేదం ఉంటే దాన్ని హెడ్డింగ్ కింది మొదటి పేరాలోనే చెప్పండి, చివరి పేరాలో కాదు. 2011లో న్యూట్రినోలనే కణాలు కాంతి వేగాన్ని మించాయన్న ఒపేరా ప్రయోగం వార్త, వదులుగా ఉన్న ఫైబర్ కనెక్టర్ దగ్గర తేలిపోయింది. అది పరికరం తప్పు కాబట్టి అందరికీ అర్థమైంది. మ్యూయాన్ విషయంలో పరికరం తప్పేమీ లేదు, పోల్చిన విలువ మారింది. ఇలాంటిది వివరించి చెబితేనే పాఠకుడికి తెలుస్తుంది.

యూరప్ కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో మ్యూవన్-ఈ అనే ప్రయోగం సిద్ధమవుతోంది. 160 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యూయాన్లను పరమాణువుల్లోని ఎలక్ట్రాన్ల మీద చెదరగొట్టి, ఆ క్వార్కుల వాటాను మూడో దారిలో కొలుస్తుంది. ఆ ఫలితం వెలువడిన రోజున, కొత్త బలం ప్రస్తావన కన్నా ముందు, వచ్చిన అంకె 6,931 వైపుందా, 7,132 వైపుందా అన్నది వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ