ఆర్గన్ దగ్గర నా పక్కన కూర్చున్న మీకు

నాన్నను సమాధి చేసి నాలుగు రోజులే అయింది. మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన చర్చి సంస్కరణను గుర్తుచేసుకునే సంస్కరణ ఆదివారపు ఆరాధనలో, ఆర్గన్ వాయిస్తూ చర్చి సంఘం చేత పాడించవలసింది నేనే. లూథరన్లమైన మాకు కీర్తన అలంకారం కాదు, సంఘమంతా ఒక్క గొంతుతో చేసే ప్రార్థన. 1524 నాటి మా తొలి లూథరన్ కీర్తనల పుస్తకంలో ఉన్నవి 8 పాటలే అయినా, అవి సామాన్యుల నోటికి అందిన పాటలు.

రెండో చరణం చివర నా ఎడమ చేయి వణికి ఆగిపోయింది. అది నాన్నకు ఎంతో ఇష్టమైన రాగం.

మీరెవరో నాకు తెలియదు. ముందు వరుసలోంచి లేచి వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నారు. నన్ను లేవమనలేదు. మంద్రస్వరాలు మీరు అందుకుని, సంఘం పాడే పై స్వరాన్ని నాకే వదిలారు. ప్రతి చరణానికి ముందు వినిపించేలా ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి పట్టుకునే నేనూ, సంఘమూ మళ్ళీ ఎత్తుకున్నాం. చివరి చరణానికి నా మణికట్టును మెల్లగా తాకి, చేతులు తీసేయమని సైగ చేశారు. వాద్యం ఆగింది, పాట ఆగలేదు. అందరూ పాడుతుంటే నేను కూర్చుని విన్నాను. నాన్న పోయాక నాకు ఏడుపు వచ్చింది అప్పుడే.

ఆశీర్వచనం తర్వాత వెతికితే మీరు కనిపించలేదు. ఎక్కడున్నా, మీకు నా కృతజ్ఞతలు.