సూత్రాన్ని బొమ్మగా దాచకండి

సంపాదకులకు,

2021 నుంచి జేఈఈ మెయిన్‌ను తెలుగులోనూ రాయవచ్చు. తెలుగు ప్రశ్నలతో అభ్యాస వెబ్‌సైట్లూ వస్తున్నాయి. వాటిలో చాలాచోట్ల గణిత సూత్రం మాత్రం ఇంకా స్క్రీన్‌షాటే. ప్లస్ బదులు మైనస్ పడితే బొమ్మంతా మళ్లీ చేయాలి. ఫోన్‌లో పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. చూపులేని విద్యార్థికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ బొమ్మలో చదవడానికి ఏమీ దొరకదు.

సొంత సూత్రాల ఎడిటర్ పెట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. టైపు చేయించడానికి మ్యాథ్‌లైవ్, చూపించడానికి కేటెక్స్ లేదా మ్యాథ్‌జాక్స్ చాలు. మూడూ ఉచితమే. డేటాబేస్‌లో లేటెక్ (సూత్రాలను మామూలు అక్షరాల ఆదేశాలుగా రాసే పద్ధతి) పాఠం ఒక్కటే దాచాలి. దాన్నుంచి తయారైన హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ కోడ్) దాచితే, కేటెక్స్ లాంటి లైబ్రరీ వెర్షన్ మార్చిన రోజున పాత ప్రశ్నలు చెదిరిపోవచ్చు.

తంటా అంతా సర్వర్‌లోకి ఎక్కించేటప్పుడే. కేటెక్స్ ప్రతి సూత్రాన్నీ రెండు రూపాల్లో ఇస్తుంది: కంటికి హెచ్‌టీఎంఎల్, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు మ్యాథ్‌ఎంఎల్ (సూత్రాల కోసమే ఉన్న కోడ్). పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్ ఫైలు అందకపోతే రెండూ కనబడి, సూత్రం రెండుసార్లు అచ్చయినట్టు ఉంటుంది. సీఎస్‌ఎస్ పెట్టి పక్కనున్న ఫాంట్ల ఫోల్డర్ మరిచిపోతే వేరియబుళ్లు మామూలు అక్షరాల్లోకి మారతాయి, పెద్ద బ్రాకెట్లు పొసగవు. పేజీ కోడ్ మొదట డాక్‌టైప్ అనే ప్రకటన వరుస లేకపోతే కేటెక్స్ అసలు పనిచేయనే చేయదు.

లేటెక్ ఆదేశాల ముందు వచ్చే బ్యాక్‌స్లాష్ గుర్తుతో ఇంకో గొడవ. జావాస్క్రిప్ట్ స్ట్రింగ్‌లో లేటెక్‌ను నేరుగా రాస్తే తీటా ఆదేశంలోని 'బ్యాక్‌స్లాష్ టి' ట్యాబ్‌గా మారి, వెనక 'హీటా' మిగులుతుంది! అక్కడ బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అక్షరాలు దాచే పద్ధతిగా పాత 'యూటీఎఫ్8' పెట్టుకున్నవారిది వేరే కష్టం. తెలుగు అక్షరానికి 3 బైట్లు చాలు కాబట్టి పరీక్షించినప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. వర్డ్ సమీకరణం నుంచి కాపీ చేసిన వాలు ఎక్స్‌కు 4 బైట్లు కావాలి. అది సేవ్ కాదు, లేదా అక్కడి నుంచి మిగతా పాఠమంతా తెగిపోతుంది. 'యూటీఎఫ్8ఎంబీ4' పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

ఇక మనకే ప్రత్యేకమైన చిక్కు, సూత్రం లోపలి తెలుగు. లవంలో స్థానభ్రంశం, హారంలో కాలం అని రాయాలనుకుందాం. ఆ మాటలను 'టెక్స్ట్' ఆదేశంలో పెట్టకపోతే గణిత రీతిలో ప్రతి అక్షరమూ విడి గుర్తే, గుణింతాలూ వత్తులూ విడిపోవచ్చు. పెట్టినా పూర్తిగా తీరదు. తెలుగు అక్షరాల కొలతలు కేటెక్స్ దగ్గర లేవు, ప్రతిదాన్నీ ఇంగ్లిష్ పెద్ద ఎం అంత ఎత్తుగానే లెక్కేస్తుంది. ఎం కిందికి దిగదు, మన థ వత్తు దిగుతుంది, వెళ్లి భిన్నం గీతకు తగులుతుంది. విరుగుడు: ఆ మాట పక్కన కంటికి కనిపించని 'రూల్' (గీత) ఒకటి పెట్టాలి. వెడల్పు సున్నా, మొత్తం ఎత్తు 1.5 ఈఎం (అక్షరాల సైజును బట్టి మారే కొలత), అందులో 0.5 ఈఎం కిందికి దిగేలా. ఫాంటును బట్టి ఈ అంకెలు కాస్త సర్దుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ మీట నొక్కినా క్రోమ్ తరచూ 229 అనే ఒకే కోడ్ పంపుతుంది. మీటల కోడ్ మీద ఆధారపడిన ఎడిటర్ అక్కడ చేతులెత్తేస్తుంది. తెరమీద సొంత గణిత మీటల పలక చూపడమే మేలు.

విద్యార్థులు కూడా సూత్రాలు టైపు చేసే చోట కేటెక్స్‌లో 'ట్రస్ట్' సెట్టింగ్‌ను తెరవవద్దు. అది మూసి ఉంటేనే లింకులు, బయటి బొమ్మలు చొప్పించే ఆదేశాలు పనిచేయవు. 'త్రోఆన్‌ఎర్రర్' ఆపేస్తే తప్పు సూత్రం ఎర్రగా కనిపిస్తుంది, మిగతా పేజీ నిలబడుతుంది.

ఇలాంటి వెబ్‌సైట్లకు టెండర్లు పిలిచే విద్యాసంస్థలు ఒక షరతు చేర్చాలి. బిల్లు చెల్లించే ముందు స్థానభ్రంశం బై కాలం భిన్నాన్ని చిన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో టైపు చేయించి, సేవ్ చేయించి, మళ్లీ తెరిపించి చూడాలి.

– ఒక వెబ్ డెవలపర్, గుంటూరు