2024-25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశం కోసం కార్యదర్శి రాసినది

సభ్యులందరికీ నమస్కారం.

మన నియమావళి ప్రకారం కార్యదర్శి ఏటా నివేదిక చదవాలి. చదివేటప్పుడు సగం మంది సమోసాల బల్ల దగ్గర ఉంటారని అనుభవం మీద తెలిసింది కాబట్టి, ఈసారి ముందే రాసి పంపుతున్నాను. బ్రిటన్ చుట్టూ ఉన్న చిన్న దీవుల్ని పిల్లాపాపలతో, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లతో కలిసి చూడాలని ఈ సంఘం పెట్టుకున్నాం. ఆ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది నాలుగు యాత్రలు అనుకున్నాం. మూడు జరిగాయి, ఒకటి గాలికి పోయింది. జనవరిలో ఒక ప్రసంగం పెట్టాం. కమిటీ ఏడుసార్లు కూర్చుంది. కోరం ఉన్నది నాలుగుసార్లే.

మే చివర్లో వేల్స్ పడమటి కొసన ఉన్న స్కోమర్‌కు వెళ్లాం. రోజుకు ఇంతమందినే దీవి మీదికి రానిస్తారు కాబట్టి టికెట్లు దొరకడం కష్టం. సంయుక్త కార్యదర్శి గారు రాత్రిళ్లు లాప్‌టాప్ ముందు కూర్చుని సంపాదించారు. మార్టిన్స్ హేవెన్ రేవులో పడవ ఎక్కితే పావుగంట. దిగగానే 87 మెట్లు. పైకి వెళ్లాక మాత్రం ఎవరూ మెట్ల గురించి మాట్లాడలేదు. ఆ దీవిలో 40 వేలకు పైగా పఫిన్ పక్షులు ఉంటాయి. ముక్కుకు అడ్డంగా సన్న చేపల్ని వరుసగా కరుచుకుని మన కాళ్ల ముందు నుంచే బొరియల్లోకి పరుగెత్తుతాయి. అవి దారికి అడ్డం వస్తే మనమే ఆగాలని అక్కడి రూలు. దారి దిగి గడ్డి మీద అడుగు వేయకూడదు, కింద బొరియ ఉంటే గూడు కూలిపోతుంది. అదే నేల కింద మాంక్స్ షియర్‌వాటర్ అనే పక్షులు దాదాపు 3 లక్షల 50 వేల జంటలు గూళ్లు పెడతాయి. ప్రపంచంలో వాటికి అంత పెద్ద స్థావరం ఇంకెక్కడా లేదు. గల్ పక్షుల భయానికి అవి చీకటి పడ్డాకే ఒడ్డుకు వస్తాయి. అంటే అన్ని లక్షల జంటల నెత్తిమీద రోజంతా తిరిగి, ఒక్కదాన్నీ చూడకుండా ఇంటికి వచ్చామన్నమాట.

ఇక హిల్బ్రే. ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను, ఎవరేమనుకున్నా సరే. మొత్తం 46 మంది వెళ్లాం. అందులో పదకొండు మంది, ఆరునెలల వీసా మీద మన ఇళ్లకు వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. వాళ్లు సముద్రపు అడుగు మీద నడిచి దీవికి వెళ్లి, నడిచే తిరిగొచ్చారు.

లివర్‌పూల్ దగ్గర డీ నది సముద్రంలో కలిసేచోట, వెస్ట్ కిర్బీ ఊరికి ఎదురుగా వరుసగా మూడు దీవులున్నాయి: లిటిల్ ఐ, మిడిల్ ఐ, హిల్బ్రే. ఆటు సమయంలో ఇసుక మీద సుమారు మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లొచ్చు. పోటు వస్తే చుట్టూ నీళ్లే. మన కాకినాడ దగ్గర ఆటుకూ పోటుకూ తేడా మనిషి ఎత్తు ఉండదు. లివర్‌పూల్ తీరంలో అది 10 మీటర్ల దాకా ఉంటుంది, అంటే మూడంతస్తుల మేడ. అందుకే రోజు ఎంచుకోవడానికే మూడు సమావేశాలు పట్టాయి.

అమావాస్యకో పౌర్ణమికో సముద్రం బాగా వెనక్కి పోతుంది కదా, అప్పుడే వెళ్దాం అన్నారు కొందరు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ తీరంలో అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద పోటు సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో వస్తుంది. మనం నడవాల్సిన వేళకు అక్కడ నిండా నీళ్లుంటాయి. అదే అష్టమి, నవములైతే పోటు పొద్దునా సాయంత్రమూ వచ్చిపోయి, నడిమధ్యాహ్నం ఇసుక బయటపడుతుంది. ఆటుపోట్ల పట్టికనూ పంచాంగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వారాంతంలో కుదిరిన రోజు జూలై 14, ఆదివారం. ఆషాఢ శుద్ధ అష్టమి.

ఆషాఢం, పైగా అష్టమి! ఆ వారం నాకు వచ్చిన ఫోన్లకు లెక్కలేదు. "ఆషాఢంలో కొత్త కోడల్నే అత్తారింట్లో ఉండనివ్వరు, మమ్మల్ని సముద్రంలోకి తీసుకెళ్తారా?" అని ఒక పెద్దమ్మ గారు నిలదీశారు. పెళ్లికి పనికిరాని తిథి అయితేనే ఈ దీవికి పనికొస్తుందని ఆవిడకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అందరికంటే ముందు స్టేషన్‌లో నిలబడింది ఆవిడే.

పోటుకు మూడు గంటలు అటూ ఇటూ ఆ ఇసుక మీద ఉండకూడదు. ఆ లెక్కన పదిన్నరకు ఒడ్డు వదలాలి, మూడు లోపు దీవి వదలాలి అని నిర్ణయించి గ్రూపులో నాలుగుసార్లు పెట్టాను. పదిన్నరకు బయలుదేరాం. రెండు కార్లు పదకొండూ యాభైకి వచ్చాయి. వాట్సాప్‌లో బొటనవేలు చూపించడం ఒకటి, టైముకు రావడం ఇంకొకటి. మన ఇళ్లలో ఫంక్షన్లయితే ముహూర్తం దాటినా భోజనాలు ఉంటాయి. సముద్రం అలా ఆగదు. వాళ్లను ఇసుక మీదికి దిగొద్దని ఫోన్‌లో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నొచ్చుకున్నారని తెలుసు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అసలు బాధ ఏమిటంటే, పులిహోర గిన్నె వాళ్ల కారులోనే ఉంది.

హిల్బ్రే మీద దుకాణం లేదు, తాగే నీళ్లు దొరకవు. ఎవరి సీసా వాళ్లు మోసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. భోజనం అంటే చేగోడీలు, అరటిపళ్లు, ఎవరో దూరదృష్టితో సంచిలో వేసుకున్న రెండు బ్రెడ్ ప్యాకెట్లు. షుగర్ ఉన్న పెద్దవాళ్లు నలుగురున్నారు. నాకు లోపల టెన్షన్. వాళ్లు మాత్రం పంచుకుని తిని, ఎర్ర ఇసుకరాయి మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

దారిలో ఇంకో ఘట్టం. ఒడ్డు నుంచి చూస్తే హిల్బ్రే ఎదురుగానే కనిపిస్తుంది. కానీ నేరుగా పోకూడదు. ముందు లిటిల్ ఐ వైపు నడిచి, అక్కడ కుడికి తిరిగి, దీవుల వెంటే పోవాలి. బోర్డు మీద రాసి ఉంటుంది, నేనూ చెప్పాను. మన కుర్రాళ్లు నలుగురు అడ్డదారి పట్టి మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డారు. ఒక బూటు ఇప్పటికీ డీ నది దగ్గరే ఉంది.

దీవి చిన్నదే, కానీ కథలు చాలా ఉన్నాయి. మధ్యయుగాల్లో ఇక్కడ కొద్దిమంది సన్యాసులు ఉండేవారు. ఓడలు వస్తున్న కబురు హోలీహెడ్ నుంచి లివర్‌పూల్ వర్తకులకు గుట్టల మీది కొయ్యచేతుల సంకేతాలతో చేరవేసేవారు. ఆ వరుసలో ఒక కేంద్రం ఇక్కడుంది. 1841లో కట్టిన ఆ భవనం ఇంకా నిలిచే ఉంది. ఉత్తరపు కొసన పాడుబడ్డ లైఫ్‌బోటు షెడ్డు ఉంది. అక్కడ నిలబడితే దూరాన ఇసుకదిబ్బ మీద సీల్ అనే సముద్రపు జంతువులు మూలుగుతున్న చప్పుడు గాలిలో వినిపించింది. బూరె తింటున్న పిల్లాడు "దయ్యమా?" అని వాళ్ల నాన్నమ్మ కొంగు పట్టుకున్నాడు. (బూరెలు ఎవరు తెచ్చారో చివరిదాకా తేలలేదు. నాకు మాత్రం అందలేదు.)

మనతో వచ్చినవారిలో ఉప్పాడ తాతగారు ఒకరు. చిన్నప్పటి నుంచి వలతో పెరిగిన మనిషి. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నీటి అంచునే చూస్తూ కూర్చున్నారు. తర్వాత నాతో అన్నారు: "మా ఊళ్లో సముద్రం ఇళ్ల మీదికి రావడమే చూశాను బాబూ. ఇంత దూరం వెనక్కి పోయే సముద్రాన్ని ఇప్పుడే చూస్తున్నా." కాసేపటికి ఆయనే లేచి, "ఇంక పదండి, నీళ్లు తిరిగినయ్" అన్నారు. నా ఫోన్‌లో అలారం మోగడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

నాలుగు లోపు అందరం ఒడ్డెక్కాం. మెరైన్ లేక్ పక్కన ఆలస్యపు కార్లవాళ్లు పులిహోర వడ్డించారు. అప్పటి ఆకలికి వాళ్ల మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం పేరిచ్చి రాని వాలంటీర్ల కోసం దాచాను. తొమ్మిది మంది పేర్లిచ్చారు, నలుగురు వచ్చారు. వరుస చివర నడవాల్సిన మనిషి లేక, మన కోశాధికారి గారే ముందుకీ వెనక్కీ తిరిగి ఆ మూడు కిలోమీటర్లను ఆరు చేసుకున్నారు. ఆ రాత్రి యూరో ఫుట్‌బాల్ ఫైనల్ ఉందని ముగ్గురు కారణం చెప్పారు. మ్యాచ్ రాత్రి ఎనిమిదికి. ఇంగ్లండ్ స్పెయిన్ చేతిలో 2-1తో ఓడింది. నా సానుభూతి.

ఆగస్టులో మలేగ్ రేవు నుంచి ఎగ్ దీవికి పదహారు మందిమి వెళ్లాం. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఉన్న దీవి అది. సందర్శకుల కార్లు రానివ్వరు. ఆన్ స్గూర్ అనే 393 మీటర్ల రాతి కొండ ఎక్కినవాళ్లు ఆరుగురు. మిగతావాళ్లం కాలు వేస్తే కీచుమని పలికే ఇసుక మీద పిల్లల్ని ఆడించాం. ఎగ్ గురించి చెప్పుకోవాల్సింది వేరే ఉంది. భూస్వాములు ఒకరి నుంచి ఒకరు కొనుక్కుంటూ వచ్చిన ఆ దీవిని 1997 జూన్ 12న అక్కడివాళ్లే ట్రస్టు పెట్టుకుని 15 లక్షల పౌండ్లకు సొంతం చేసుకున్నారు. చందాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. పేరు చెప్పుకోని ఒక మహిళ పెద్ద మొత్తం ఇచ్చారు. అంతవరకూ ఇంటికో డీజిల్ జనరేటర్ ఉండేది. 2008లో నీరు, గాలి, ఎండ కలిపి సొంత కరెంటు పెట్టుకున్నారు. ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్ల కంటే ఎక్కువ వాడకూడదని తామే కట్టడి పెట్టుకున్నారు. "మిక్సీ, రైస్ కుక్కర్ కలిపి నడుస్తాయా?" అని మనవాళ్లు వెంటనే అడిగారు. నడుస్తాయి, పక్కన కెటిల్ కూడా పెట్టుకోవచ్చు. వందమందికి అటూ ఇటూ ఉన్న జనం ఒక దీవిని కొని, కరెంటు తెచ్చుకుని నడుపుకుంటున్నారు. మనం ఎనభై కుటుంబాలం. ఉగాదికి హాల్లో బల్లలు వేయడానికి ముగ్గురం మిగిలాం.

సెప్టెంబరు లండీ యాత్ర జరగలేదు. బ్రిస్టల్ చానెల్‌లో గాలి ఎక్కువై పడవ రద్దయింది. పడవ డబ్బు తిరిగొచ్చింది, బస్సు అడ్వాన్సు రాలేదు. బస్సు కంపెనీవారికి ఐదు ఉత్తరాలు రాశాను. రెండింటికి జవాబొచ్చింది, రెండూ ఒకటే జవాబు. లండీకి సొంత పోస్టల్ స్టాంపులున్నాయి, 1929 నుంచీ. వాటి కోసం ఆల్బమ్‌లు కొనుక్కున్న పిల్లలకు క్షమాపణలు.

జనవరి ప్రసంగం సెయింట్ కిల్డా మీద జరిగింది. అట్లాంటిక్‌లో ఎక్కడో దూరాన ఉన్న ఆ దీవిలో చివరికి మిగిలిన 36 మందిని 1930 ఆగస్టు 29న ఓడలో తీసుకొచ్చేశారు. వెళ్లేముందు ప్రతి ఇంట్లో తెరిచిన బైబిలూ, కొన్ని ఓట్ గింజలూ వదిలి తలుపులు వేశారట. ప్రశ్నల సమయంలో దేవీపట్నం వైపు నుంచి వచ్చిన ఒకాయన లేచారు. వాళ్ల ఊరు పోలవరం ముంపులో పోయింది. "వీళ్లు మమ్మల్ని తీసుకెళ్లండి అని తామే అర్జీ పెట్టుకున్నారు కదండీ" అన్నారు, అంతే, కూర్చున్నారు. తర్వాత ఎవరూ ప్రశ్న అడగలేదు. ఆ రోజు హాజరు 22. హీటర్ పనిచేయలేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపారు, దయచేసి చూడండి. క్లుప్తంగా చెప్పాలంటే బస్సు అడ్వాన్సు వల్ల నిల్వ కిందటేడాది కంటే తగ్గింది, అప్పు లేదు, పద్నాలుగు కుటుంబాల చందా ఇంకా రావాలి. హాలు అద్దె రాయితీ కోసం ఒక కార్యాలయానికి పెట్టిన అర్జీ మార్చి నుంచి "పరిశీలనలో" ఉంది. అదే ఫారం రెండుసార్లు నింపించారు. రెండోసారి మన సంఘం ఉద్దేశం "చేపలు పట్టడం" అని వాళ్లే మార్చుకున్నారు.

కృతజ్ఞతలు. స్కోమర్ టికెట్లు సాధించిన సంయుక్త కార్యదర్శి గారికి. ఆరు కిలోమీటర్ల కోశాధికారి గారికి. హిల్బ్రేకు వచ్చిన ఆ నలుగురు వాలంటీర్లకు, ముఖ్యంగా నర్సు ఉద్యోగం నైట్ డ్యూటీ దిగి నేరుగా స్టేషన్‌కు వచ్చిన చెల్లెమ్మకు. ఎగ్‌లో మన పిల్లలకు గొర్రెపిల్లల్ని చూపించిన రైతు కుటుంబానికి. ఆలస్యమైనా పులిహోర అద్భుతంగా చేసిన అక్కకు. కాకినాడ తిరిగి వెళ్లిపోయిన ఉప్పాడ తాతగారికి ఈ నివేదిక అచ్చువేసి పంపాలని కమిటీ తీర్మానించింది.

వచ్చే ఏడాదికి లిండిస్‌ఫార్న్ దీవి అనుకుంటున్నాం. అక్కడ కారు దారే రోజుకు రెండుసార్లు మునుగుతుంది. టైము చూసుకోకుండా వెళ్లి కారు ముంచుకునేవాళ్లు ఏటా ఉంటారు, వాళ్లలో మనవాళ్లు ఉండకూడదు. కార్డిఫ్ దగ్గరి ఫ్లాట్ హోమ్ ఇంకో ప్రతిపాదన. సముద్రం మీదుగా మొదటి వైర్‌లెస్ సందేశాన్ని మార్కోనీ 1897 మే 13న అక్కడి నుంచే పంపాడు. ఏది ఖాయమైనా, వరుస చివర నడవడానికి ఆరుగురు సంతకం పెట్టేదాకా టికెట్లు కొనేది లేదు. ఇది కమిటీ నిర్ణయం, నా ఒక్కడిదే కాదు.

కార్యదర్శి పదవికి ఈసారి నామినేషన్ వస్తే సంతోషంగా అప్పగిస్తాను. కిందటేడాదీ ఇదే మాట రాశాను. సమావేశం మధ్యాహ్నం రెండింటికి. కుర్చీలు వేయాలి కాబట్టి వీలైనవాళ్లు ఒకటిన్నరకు రండి. పులిహోర ఈసారి నా కారులో వస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి