మా వార్డు ఏఎన్‌ఎం గారికి, ఆశ కార్యకర్త గారికి కృతజ్ఞతలు

పురిటికి పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి నెలలు నిండకుండానే ప్రసవించి, రెండు కిలోల చిల్లర బరువున్న బిడ్డతో పాత గుంటూరులోని మా ఇంటికి చేరిన నాటి నుంచి ఆ ఇద్దరినీ కంటికి రెప్పలా కాచిన మా వార్డు ఏఎన్‌ఎం గారికి, ఆశ కార్యకర్త గారికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఆసుపత్రిలో కాన్పు అయినా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశ కార్యకర్త ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలన్నది నియమం. బరువు తక్కువ బిడ్డ కావడంతో ఈమె ఆ లెక్కకు మించే వచ్చారు. రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని, నిద్రపోతున్న బిడ్డ చొక్కా పైకి జరిపి, వాచీ చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టేవారు. పసిబిడ్డల ఊపిరి ఒక్క తీరుగా సాగదు కనుక అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయకూడదనీ, నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ ఉంటే మళ్లీ లెక్కించి, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి బయలుదేరాలనీ మా అల్లుడికి నేర్పారు.

పాలు చాలడం లేదని ఇంట్లో డబ్బాపాల మాట వచ్చినప్పుడు ఏఎన్‌ఎం గారు అమ్మాయి పక్కనే కూర్చున్నారు. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనేలా, కింది పెదవి బయటికి తిరిగేలా, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించారు. కాసేపటికి ఉత్త చప్పరింపు పోయి గుటక వినిపించింది.

గుంటూరు ఎండల్లో చంటిబిడ్డకు ఇంకా వెచ్చదనమేమిటని మాలో కొందరం అన్నాం. కూలర్ గాలికి ఇంత చిన్న ఒళ్లు ఇట్టే చల్లబడుతుందని చెప్పి, తల్లి ఎదపై, ఆమె అలసినప్పుడు తండ్రి ఎదపై, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టించారు. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి ఇదే.

అన్నిటికంటే నేను మెచ్చినది వారి మాట నేర్పు. సాంబ్రాణి పొగ, బొడ్డుకు పసుపు, నాలుకకు తేనె అని పట్టుబట్టిన మా అమ్మతో, "మామ్మగారూ, పొగ బిడ్డ ఊపిరికి పడదు. స్నానం కూడా ఇప్పుడే వద్దు, గోరువెచ్చని నీళ్లతో మీ చేత్తోనే ఒళ్లు తుడవండి" అన్నారు. పెద్దరికానికి లోటు రాకుండానే పద్ధతి మారింది. బాలింతకు మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చే పత్యం సైతం అలాగే సడలింది.

నెలన్నర టీకాల నాటికి బిడ్డ బరువు మూడు కిలోలకు చేరింది. ఏఎన్‌ఎం గారూ, ఆశ కార్యకర్త గారూ, మీ ఇద్దరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.